వేట నిషేధం ఎండలో పారాచూట్ రాకెట్ ఫ్లేర్లు: బోటు ఓనర్ల కోసం ఒక రివ్యూ

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ బోట్లకీ, పోర్టుకొచ్చే ఓడలకీ సామాను సరఫరా చేసే షాపుల్లో దొరికే ఎర్ర పారాచూట్ రాకెట్ ఫ్లేర్ గురించి, అంటే ఆపదలో సాయం కోసం ఆకాశంలోకి వదిలే వెలుగు సిగ్నల్ గురించి, ఈ రివ్యూ. సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) ప్రమాణం ఉన్న రకాన్నే తీసుకున్నాం. ఏ కంపెనీదైనా ఆ ప్రమాణం ప్రకారం కనీస పనితీరు ఒకటే ఉండాలి కాబట్టి బ్రాండ్ల మధ్య పోటీ పెట్టట్లేదు. ఇక్కడి ఎండకీ ఉప్పుగాలికీ ఇది ఎంతవరకు నిలబడుతుందన్నదే చూశాం. వస్తువు మంచిదే. మన బోట్లలో దాన్ని పెట్టే చోటే బాగాలేదు.

జానెడున్నర పొడవున, గుప్పిట్లో పట్టేంత లావున ఉండే గొట్టం ఇది. అడుగు మూత తీసి, లోపలి తాడు లాగినా లేక లీవర్ నొక్కినా చిన్న క్యాప్ పేలి రాకెట్ మోటారు అంటుకుంటుంది. మోటారు కొన్ని సెకన్లే మండుతుంది. ఆ కాస్త సేపట్లోనే ఫ్లేరుని కనీసం 300 మీటర్ల ఎత్తుకి చేర్చాలి. అక్కడ పారాచూట్ విప్పుకుని, 30,000 క్యాండెలాకి (వెలుగు తీవ్రతకి కొలత) తగ్గని ఎర్ర వెలుగుతో 40 సెకన్లైనా మండాలి. సెకనుకి 5 మీటర్ల కంటే వేగంగా దిగకూడదు. 40 సెకన్లలో మహా అయితే 200 మీటర్లు దిగుతుంది కాబట్టి, ఇంకా 100 మీటర్ల ఎత్తున ఉండగానే ఆరిపోతుంది. మండుతూ డెక్ మీదో వలల మీదో పడకుండా ఉండడానికే ఈ లెక్క. 300 మీటర్ల ఎత్తులో ఉన్న వెలుగుకి దిగంతం 60 కిలోమీటర్ల పైమాటే. గాలి తేటగా ఉన్న రాత్రి దీనికి సాటి వచ్చే సిగ్నల్ ఇంకొకటి చేతిలో ఉండదు. పట్టపగలు మాత్రం ఆ దూరంలో చిన్న వంతే వస్తుంది.

ఇక వేడి సంగతి. ప్రాణరక్షణ సామాను ఏదైనా మైనస్ 30 నుంచి 65 డిగ్రీల దాకా గాలి వేడిలో నిల్వ ఉన్నా చెడకూడదని సోలాస్ కిందున్న నియమావళి ఎల్‌ఎస్‌ఏ కోడ్ చెబుతుంది. ఫ్లేర్లకి పరీక్షలు విడిగా ఉన్నాయి: మైనస్ 30కీ 65కీ మధ్య మార్చి మార్చి పది విడతలు పెట్టి చూడడం, 65 డిగ్రీల్లో 48 గంటలు ఉంచి ఆ వేడి మీదే పేల్చడం, 65 డిగ్రీలూ 90 శాతం తేమలో 96 గంటలు ఉంచి ఆ తర్వాత పది రోజులు మామూలు గదిలో పెట్టి పేల్చడం. ఇవి పనితీరు పరీక్షలు. రవాణాకి ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో జరిపే పరీక్ష వేరు. అందులో వస్తువుని 75 డిగ్రీల్లో 48 గంటలు ఉంచుతారు. అది తనంతట తాను అంటుకోకూడదు, పేలకూడదు, అంతే. ఆ తర్వాత రాకెట్ ఎగిరిందా లేదా అన్నది ఆ పరీక్ష అడగదు.

షాపులో "సార్, ఇది 75 డిగ్రీలకి టెస్ట్ అయిన సరుకు" అని చెబితే తల ఊపెయ్యకండి. ఆ 75 చెప్పేది గోడౌన్‌కీ లారీకీ ప్రమాదం లేదని. మీకు కావలసింది సముద్రంలో రెండో ఏడాది, మూడో ఏడాది తాడు లాగితే పని చేస్తుందా అన్నది. దానికి 65 డిగ్రీల పరీక్షే కొలత, అదీ కొన్ని రోజుల పరీక్షే. నెలల తరబడి ఉడికించి చూసింది కాదు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఏడాదిలో కల్లా మండే రెండు నెలలూ బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఇంజిన్ ఆగి ఉంటుంది, వీల్‌హౌస్ (బోటు నడిపే గది) తలుపులు మూసి ఉంటాయి, గాలి ఆడదు. ఊళ్లో 36 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం కూడా మూసిన వీల్‌హౌస్‌లో, అద్దం వెనక ఉన్న అరలో 50 దాటడం వింతేమీ కాదు. ఫ్లేర్ డబ్బా సాధారణంగా ఉండేది సరిగ్గా ఆ అరలోనే. సీజన్‌లో చేతికందేలా పెట్టినది నిషేధం మొదలయ్యాక ఎవరూ దించరు.

వేడి వల్ల ఎంత వయసు పోతుందో కట్టే లెక్క రసాయన శాస్త్రంలో పాతదే. వేడి 10 డిగ్రీలు పెరిగితే చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. ఒక్కో మిశ్రమానికి ఈ అంకె మారుతుంది, కానీ అంచనాకి సరిపోతుంది. రోజుకి 6 గంటలు 50 డిగ్రీల్లో, మిగతా సమయం 30 దగ్గర ఉందనుకుంటే 61 రోజుల్లో వేడి గంటలు 366, అంటే దాదాపు 15 రోజులు. వాటిని నాలుగు రెట్లు చేస్తే 60 రోజులు. మిగిలిన 46 రోజులు కలిపితే రెండు నెలల నిషేధంలో ఫ్లేరుకి మూడున్నర నెలల వయసు వస్తుంది. అదే 60 డిగ్రీలైతే అయిదున్నర నెలలు. ఎక్కువ కంపెనీలు తయారీ తేదీ నుంచి మూడేళ్లు గడువు ఇస్తాయి. ఈ లెక్కన వేడి ఒక్కటే మూడేళ్ల ఫ్లేరుని ఒక వేసవిలో చంపేయదు. ఎండలో పెడితే మందు చచ్చిపోతుందని హార్బర్‌లో అనుకునే మాటలో సగమే నిజం.

మిగతా సగం తేమదీ, రోజూ వేడెక్కి చల్లారడానిదీ. పగలు గొట్టంలో గాలి వ్యాకోచించి సీలు సందుల్లోంచి కాస్త బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే బయటి గాలి లోపలికి పీలుస్తుంది. ఆ గాలి సముద్రం మీది గాలి. 61 రోజులూ ఇది రోజుకో విడత. మూత రబ్బరు కొత్తగా, మెత్తగా ఉన్నంతకాలం ఫరవాలేదు. అది గట్టిపడితే తేమ లోపలికి దారి చేసుకుంటుంది. ఎర్ర వెలుగుకి కారణం స్ట్రాన్షియం లవణం, ప్రకాశానికి కారణం మెగ్నీషియం పొడి. తడి తగిలిన మెగ్నీషియం నెమ్మదిగా హైడ్రాక్సైడ్‌గా మారుతూ హైడ్రోజన్ వాయువుని వదులుతుంది. ఇలా చెడిన ఫ్లేరుని కంటితోనే పట్టుకోవచ్చు: మూత చుట్టూ తెల్లని పొడి, ఉబ్బిన మూత, లేబుల్ కింద బుడగలా లేచిన పొర. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా గడువు ఎంత మిగిలి ఉన్నా ఆ గొట్టం వాడుకలోకి రాదు.

రాకెట్ మోటారు చెడే తీరు వేరు, అదే కాస్త భయపెట్టేది. ఘన ఇంధనం వేడికి లోహపు గొట్టం కంటే కొన్ని రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారితే అంతే ముడుచుకుంటుంది. ఇంధనం పొడిని రబ్బరు బైండర్‌తో (పట్టి ఉంచే జిగురు) కలిపిన కాంపోజిట్ రకాలు ఈ లాగుడుని చాలావరకు ఓర్చుకుంటాయి. వయసు మీరి గట్టిపడ్డాక మాత్రం ఎండిన వరి మడిలా నెరియలు విచ్చుతుంది, లేదా గోడ నుంచి ఊడుతుంది. తుపాకిమందుని నొక్కి గట్టిగా చేసిన రకాల్లో సాగే గుణం తక్కువ, అవి ముందే పగులుతాయి. పగులంటే మండే ఉపరితలం పెరగడమే. ఉపరితలం పెరిగితే వాయువు ఎక్కువ పుడుతుంది, గొట్టంలో ఒత్తిడి లెక్క దాటుతుంది. రాకెట్ ఎగరాల్సింది పోయి చేతిలోనే పగలవచ్చు. పైగా ఘన ఇంధనం వేడిగా ఉంటే కొంచెం వేగంగా మండుతుంది కూడా, సాధారణంగా డిగ్రీకి 0.1 నుంచి 0.3 శాతం. కొత్త గొట్టానికి 65 డిగ్రీల్లో ఇది సమస్య కాదు, డిజైన్‌లోనే లెక్కేసి ఉంటారు. పగులు, వేడి రెండూ కలిస్తే ఇబ్బంది ఇంకా ఎక్కువ. గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా అటూ ఇటూ వంచితే లోపల గలగలమంటోందంటే పక్కన పెట్టెయ్యండి. ఊపి ఊపి చూడకండి, ఒక్కసారి వంచి చూస్తే చాలు.

తనంతట తాను అంటుకుంటుందా అన్న ప్రశ్న వైజాగ్‌లో ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ట్యాంకులో తనంతట తాను వేడెక్కి బయటికి చిమ్మడం ఊరంతా చూసింది. అక్కడ జరిగిన సూత్రమే ఘన ఇంధనాలకీ వర్తిస్తుంది. లోపల పుట్టే వేడి ఉష్ణోగ్రతతో పాటు రెట్లలో పెరుగుతుంది, బయటికి పోయే వేడి మామూలు లెక్కలో పెరుగుతుంది. ఒక హద్దు దాటితే పుట్టేదే గెలుస్తుంది. ఆ హద్దు ఎక్కడుందన్నది ముద్ద సైజుని బట్టి ఉంటుంది. సన్నని గొట్టంలో ఉన్న కాస్త ఇంధనంలో పుట్టిన వేడి గోడ దాటి వెంటనే బయటపడుతుంది, కాబట్టి 60 డిగ్రీల వీల్‌హౌస్‌లో రాకెట్ ఫ్లేర్ స్వయంగా రాజుకోదు. అదే టన్నుల కొద్దీ పోత పోసిన మోటారైతే నడిమధ్యలో పుట్టిన వేడి బయటికి రావడానికే రోజులు పడుతుంది. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అలాంటివాటిని నిల్వ చేసేటప్పుడు ఉష్ణోగ్రతా తేమా కొలుస్తూ కాపలా కాస్తారు. నైట్రోసెల్యులోజ్, నైట్రోగ్లిజరిన్ కలిసిన డబుల్ బేస్ రకాలకి ఇంకో చిక్కుంది. అవి విడిపోతూ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లే మరింత విడిపోయేలా తొందరపెడతాయి. ఆ వాయువుల్ని పట్టేసుకోవడానికి స్టెబిలైజర్ కలుపుతారు. అది అయిపోయే నాటికి సరుకుని తీసెయ్యాలి. 

కాబట్టి ఫ్లేర్లకి ఎండ వల్ల మంటల భయం దాదాపు లేదు. పక్కన మంట లేస్తేనే భయం. 2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా తగలబడ్డప్పుడు డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు మంటని ఎలా మోసుకెళ్లాయో తెలిసిందే. రాకెట్ ఫ్లేర్లు చాలావాటికి రవాణా వర్గం 1.3జీ, అంటే పెద్ద మంట లేచే సరుకు, ముక్కలు కూడా కొంత ఎగరవచ్చు. డబ్బా మంటలో పడితే ఒక్కో రాకెట్ తన దారి తాను చూసుకుంటుంది. ఇంకో సంగతి కొందరికి నమ్మశక్యంగా ఉండదు. నేరుగా మంట తగలడం కంటే, పక్క గదిలో మంట ఉండి గోడ ద్వారా నెమ్మదిగా వేడెక్కడం ఒక్కోసారి ఎక్కువ హింసాత్మకంగా ముగుస్తుంది. మెల్లిగా వేడెక్కితే ఇంధనం అంతా ఒకేసారి అంటుకునే హద్దు దగ్గరికి వస్తుంది, అంటుకోవడం లోపలి నుంచి మొదలవుతుంది. ఇంజిన్ గది గోడకి ఆనించి ఫ్లేర్ డబ్బా పెట్టకూడదనడానికి కారణం ఇదే. ఆ గోడకి అవతల మంట లేచినప్పుడు సరంగు చూపు ఇంజిన్ మీద ఉంటుంది, డబ్బా మీద కాదు.

అయితే ఎక్కడ పెట్టాలి? వెడల్పు మూత, ఓ-రింగ్ ఉన్న ప్లాస్టిక్ పాలీబాటిల్ కొనండి, ఫ్లేర్లతో పాటే షాపులో ఉంటుంది. కార్డ్‌బోర్డ్ పెట్టెలోనే ఉంచితే ఆ పెట్టె ఒక వానాకాలం కూడా ఆగదు. బాటిల్లో కొత్త సిలికా జెల్ పొట్లం వెయ్యండి, రంగు మారగానే మార్చండి. బోటు మీద దాన్ని వీల్‌హౌస్‌లో నేలకి దగ్గరగా, అద్దానికి ఎదురుగా కాకుండా, నీడ పడే గోడకి కట్టండి. పొగగొట్టం, బ్యాటరీ ఛార్జర్, వంట స్టవ్ ఇవి మూడూ దూరం. ఎండ పడకుండా ఉంటుంది కదా అని కొందరు ఐస్ గదిలో పెడుతుంటారు. అది వద్దే వద్దు. చల్లని గొట్టాన్ని పైకి తీసుకొచ్చిన ప్రతిసారీ దాని మీద నీటి చుక్కలు కడతాయి, మూత సందులోకి దిగుతాయి. ఎండకంటే వేగంగా ఫ్లేరుని చెడగొట్టేది ఐస్ గదే.

నిషేధం మొదలయ్యే రోజు వలలతో పాటు ఫ్లేర్లనీ దించాలి. ఇంట్లో వంటగది అటక మీద కాదు. అమ్మిన డీలరు దగ్గరైనా, లైసెన్సు ఉన్న నిల్వ గదిలోనైనా ఉంచే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి. కొన్ని షాపులు పాత కస్టమర్లకి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కొనేముందే అడగడం మంచిది. ఈ ఒక్క సేవ ఇచ్చే షాపుకి ధర కాస్త ఎక్కువైనా మేం ఓటేస్తాం.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది ధర కాదు, ప్రతి గొట్టం మీదా అచ్చేసిన తయారీ నెల, సంవత్సరం. పెట్టె మీది తేదీ చాలదు, పెట్టెలు మారుతుంటాయి. గడువు మూడేళ్లంటే తయారీ నుంచి మూడేళ్లు, మీరు కొన్న రోజు నుంచి కాదు. డీలరు గోడౌన్‌లో ఏడాది ఉన్న సరుకు అయితే మీ చేతికి రెండేళ్లే వస్తుంది. ఆ గోడౌన్ రేకుల కప్పుతో ఉందంటే ఆ ఏడాదీ పైన చెప్పిన లెక్క ప్రకారమే గడిచి ఉంటుంది. బ్యాచ్ నంబరు అన్ని గొట్టాలకీ ఒకటేనా అని చూడండి. కలగలుపు సరుకైతే బేరం మానెయ్యండి. ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్, 2008 కింద షాపుకి అనుమతి ఉందా అని అడగడం అమర్యాద కాదు. పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు ఉన్నవాళ్లు అడగకుండానే చూపిస్తారు. పట్టుకెళ్లేటప్పుడు రైల్లో, ఆర్టీసీ బస్సులో ఎక్కించకండి, పేలుడు సరుకుకి అనుమతి లేదు. ఎండలో నిలిపిన కారు డిక్కీ వీల్‌హౌస్‌కి ఏమాత్రం తీసిపోదు.

వాడుకలో ఈ వస్తువు మీద మా ఫిర్యాదులు రెండు. మొదటిది మూత: తడి చేతులతో, అందులోనూ వల లాగి లాగి మొద్దుబారిన వేళ్లతో తిప్పడం కష్టం. రెండోది సూచనలు: బొమ్మలూ ఇంగ్లిషే తప్ప తెలుగు ముక్క సాధారణంగా ఉండదు. ఆ బొమ్మల అచ్చు కూడా ఎండకి వెలిసిపోతుంది. కలాసీల్లో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లూ, ఒరియా మాట్లాడేవాళ్లూ ఉంటారు. తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ల్యామినేట్ చేసి, బాటిల్‌కి కట్టడం ఓనరే చెయ్యాలి.

ఆ కాగితం మీద రాయాల్సింది ఇది. పైమూత, అడుగుమూత తీసేముందు ఏది పై కొసో బాణం చూసి నిర్ధారించుకోవాలి. గాలి పోయే వైపు రైలింగ్ దగ్గర నిలబడి, చెయ్యి పూర్తిగా చాచి, తల పక్కకి తిప్పుకోవాలి. రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది కాబట్టి నిట్టనిలువు నుంచి గాలి పోయే వైపుకి కాస్త వంచి పట్టాలి. మబ్బు బాగా కిందుంటే ఇంకా వంచాలి, లేకపోతే వెలుగంతా మబ్బులోనే పోతుంది. తాడు లాగాక పేలకపోతే అదే తీరున, మనుషుల వైపు తిప్పకుండా అర నిమిషం పైనే పట్టుకుని, తర్వాత నీళ్లలో వదిలెయ్యాలి. ఎందుకు పేలలేదా అని గొట్టంలోకి తొంగి చూడకూడదు. మొదటిది పేల్చిన నిమిషానికి రెండోది పేల్చాలి. మొదటిది చూసినవాడికి అనుమానం ఉంటుంది, రెండోదానితో దిక్కు తెలుస్తుంది. హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే రాకెట్లు ఆపెయ్యాలి, చేతి ఫ్లేర్లూ నారింజ పొగా వాడాలి.

రాకెట్లొక్కటే కొంటే సరిపోదు. ఓడల లైఫ్‌బోట్లలో నాలుగు రాకెట్లు, ఆరు చేతి ఫ్లేర్లు, రెండు తేలే పొగ డబ్బాలు ఉండాలన్నది సోలాస్ లెక్క. చిన్న బోటుకి ఆ నిష్పత్తి మంచి కొలతే. చేతి ఫ్లేర్ 15,000 క్యాండెలాతో ఒక నిమిషం మండుతుంది, పొగ పగటిపూట మూడు నిమిషాలు కనిపిస్తుంది. చేతి ఫ్లేరులో రాకెట్ మోటారు ఉండదు కాబట్టి పగులు బాధ లేదు, మెగ్నీషియం తడి బాధ మాత్రం అంతే ఉంటుంది. మండేటప్పుడు వేడి బొట్లు కారతాయి, రైలింగ్ బయటికి వంచి పట్టాలి. ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే డాట్ ట్రాన్స్‌మిటర్, కోస్ట్‌గార్డ్ 1554 నంబరు ఉన్నాయి కదా అని ఫ్లేర్లు మానేసేవాళ్లు ఉన్నారు. అవి మీరు ఆపదలో ఉన్నారని చెబుతాయి. వెతుక్కుంటూ దగ్గరికొచ్చిన వాళ్లకి అలల మధ్య మీ బోటుని చూపించేది వెలుగే.

గడువు తీరినవాటిని డీలరుకే తిరిగి ఇవ్వండి. కొత్తవి కొనేటప్పుడే పాతవి తీసుకుంటారా అని రాయించుకుంటే తర్వాత బతిమాలే పని ఉండదు. తీసుకోనంటే ఎలా వదిలించుకోవాలో పెసో కార్యాలయాన్ని అడగండి. సముద్రంలో పారేస్తే ఎవరి వలలోనో పడతాయి. దీపావళికి బీచిలో కాలిస్తే అది ఆపద సిగ్నల్, నిజంగా ఎవరో మునుగుతున్నారని కోస్ట్‌గార్డ్ బయల్దేరుతుంది. తుక్కు సామాన్ల వాడికి వేస్తే గొట్టం కోసేది అతనే.